చేతికి రాని గుల్లలు

జనవరి 6

అత్తా,

మధ్యలో ఆపి స్టవ్ దగ్గరికి పరిగెత్తకుండా చివరిదాకా చదువు. ఈసారి నీ బాగోగులు అడగడంతో పాటు నీకో పని కూడా అప్పజెబుతున్నాను.

మా సారు నాకు పరిశోధనకి అంశం ఇచ్చారు. మన ఏటి బురద మేట. పటంలో ఏటిమొగ దగ్గర వేలు పెట్టి, "ఈ బురదలో గుల్లలు తీసుకుని బతికేవాళ్ళు ఎంతమందో ఎవరికైనా తెలుసా" అన్నారు. నేను లేచి, "పంతొమ్మిది మంది ఆడవాళ్ళండి, అందులో ఒకావిడ మా మేనత్త" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు, రాసుకున్నారు.

సంగతేంటంటే, ఏటా గుల్ల పాలెక్కి గుడ్లు వదిలే రెండు నెలలు మేట మూస్తారు కదా. అది చాలదని చేపల శాఖ ఆఫీసులో కొందరంటారు, అదే ఎక్కువని కొందరు. ఎన్నాళ్ళు మూయాలో జూన్‌లో కమిటీ తేలుస్తుంది. అందుకు కొలతలు కావాలి. నెలకో గోనె నువ్వు బస్సులో పంపితే నేను ఒక్కో గుల్లనీ కొలుస్తాను. ఏ సైజువి ఎన్ని ఉన్నాయో చూస్తే మేట ఆరోగ్యం తెలిసిపోతుంది.

ఒకటే షరతు. ఏరొద్దు. చేతికొచ్చినవి వచ్చినట్టే గోనెలో వెయ్యి. మేనకోడలి కోసమని నునుపైనవి చూసి పైన పేర్చావంటే నా చదువు బురదలో కలిసినట్టే.

ఇంకొకటి. మేట మాటలు రాసుకోవడానికి కొత్త నోటుపుస్తకం కొన్నాను. నీళ్ళు వెనక్కి పోయి మేట బయటపడితే మీరు "ఒళ్ళు విప్పింది" అంటారు చూడు, అది మొదటి పేజీలో ఉంది. పెద్ద గుల్ల కడవ, నడిమిది చెంబు. మరి చిటికెనవేలి గోరంత ఉండే బుల్లిదాన్ని ఏమంటారు? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. ఆ గీత ఖాళీగా వదిలాను.

నా రూమ్మేట్ చదువు మానేసి వెళ్ళిపోయింది. రెండో మంచం మీద పుస్తకాలు పెట్టుకున్నాను. గదిలో ఇంకో మనిషి లేకపోతే గడియారం ఎంత గట్టిగా కొట్టుకుంటుందో ఇప్పుడే తెలిసింది.

నీ జానెడు


జనవరి 24

జానెడూ,

పెద్ద చదువులు చదువుతున్నా సంతకం మాత్రం మార్చలేదు, బాగుంది. మా అన్నా వదినా పోయిన ఏడు నిన్ను గంపలో కూర్చోబెట్టుకుని మేట మీదికి తీసుకెళ్ళేదాన్ని. అప్పుడు నిజంగానే జానెడుండేదానివి. పొడుగావిడ నిన్ను గుల్లనుకుని ఓసారి తూకానికి పెట్టబోయింది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఒకసారి నాకు, ఒకసారి పొడుగావిడకి. ఆవిడకి చదువు రాదు గానీ తప్పులు పట్టడం బాగా వచ్చు. "పంతొమ్మిది ఎక్కడే, మూలింటావిడ మానేసి ఆర్నెల్లయింది, పద్దెనిమిదని రాయి" అంది. రాశాను. దిద్దుకో.

గోనె పంపుతున్నాను. ఉత్తరం ప్లాస్టిక్ కవర్లో చుట్టి గుల్లల మధ్యే పెట్టాను, కంపు కొడితే నన్ననకు. కండక్టరు ఎక్కించనని మొండికేశాడు. "ఏముందమ్మా ఇందులో, మీ ఆయనా" అన్నాడు. మా ఆయన పోయేనాటికి కూడా ఇంత బరువు లేడు బాబూ అన్నాను. పొడుగావిడ నవ్వలేక రోడ్డు మీదే చతికిలబడింది. చివరికి ఎక్కించాడు.

నువ్వు చెప్పినట్టే చేశాను. నీళ్ళు తగ్గడం మొదలైన దగ్గర్నుంచి తిరిగి ఎక్కేదాకా చేతికొచ్చినవి వచ్చినట్టే వేశాను. కావాలంటే పొడుగావిడ సాక్షి. మా గంపలు రెండూ పక్కపక్కనేగా. ముప్పై ఏళ్ళుగా నా ఎడమ చెయ్యి పక్కన ఆవిడ కుడి చెయ్యి.

మోకాళ్ళు పాతపాటే పాడుతున్నాయి. బురదలో ఉన్నంతసేపూ నొప్పి తెలీదు. చల్లగా పట్టుకుని ఉంటుంది. గట్టెక్కి ఇంటికొచ్చి కూర్చున్నాకే మొదలు.

నువ్వు ఇంకేదో అడిగినట్టున్నావు, గుర్తు రావట్లేదు. నీ ఉత్తరం పొడుగావిడ పట్టుకుపోయింది. కవరు మీద స్టాంపులో పిట్ట బొమ్మ ఉందట, ఆవిడకి నచ్చిందట.

గోనె కుట్టే దారం అయిపోయేలోగా ముగిస్తున్నాను,
అత్త


మార్చి 22

అత్తా,

ఇవాళ ఆదివారం. ల్యాబ్‌లో నేనూ, ఫ్రిజ్జూ, నీ మూడో గోనే.

నిజానికి ఇది ఇద్దరు చెయ్యాల్సిన పని. ఒకరు గుల్లని కాలిపర్ పళ్ళ మధ్య పెట్టి అంకె పైకి చెప్పాలి, ఇంకొకరు రాయాలి. నేనే చెప్పి నేనే రాసుకుంటున్నాను. ముప్పై నాలుగు. ముప్పై ఆరు. ముప్పై మూడు. పొద్దుటి నుంచి నేను మాట్లాడిన మాటలివే. మధ్యాహ్నం వాచ్‌మన్ తొంగిచూసి ఎవరితో మాట్లాడుతున్నావమ్మా అన్నాడు. మా అత్తవాళ్ళతో అన్నాను.

కానీ ఒక సంగతి చూశాను. మూడు గోనెల్లో కలిపి వెయ్యికి పైగా కొలిచాను. ముప్పై మిల్లీమీటర్ల లోపుది ఒక్కటి కూడా లేదు. బుల్లివి బొత్తిగా లేవు. ఎంత వింతగా ఉందో చెప్పలేను. సారుకి చూపిస్తే ఆయన కళ్ళజోడు తీసి, "మిగతా గోనెలు కూడా రానీ" అన్నారు.

నీ మోకాళ్ళ సంగతి చదివినప్పుడల్లా నాకు ఇక్కడ అన్నం దిగదు. ఇంకెన్నాళ్ళు ఆ బురదలో. వచ్చెయ్ అత్తా. రెండో మంచం ఖాళీ చేస్తాను. కిటికీ నీ వైపే ఉంటుంది. సాయంత్రం నేను ల్యాబ్ నుంచి వచ్చేసరికి గదిలో దీపం వెలుగుతూ ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నాను. నేను వచ్చి వెలిగించుకునే దీపం వేరు.

జవాబులో ఒప్పుకుంటావని ఆశపడుతూ,
జానెడు


ఏప్రిల్ 3

జానెడూ,

చిన్నది ఒక్కటి కూడా లేదని రాశావు. ఆ ముక్క పొడుగావిడకి మళ్ళీ మళ్ళీ చదివి వినిపించాను. "వెయ్యింట్లో ఒక్కటి కూడానా" అంది. ఒక్కటి కూడా అన్నాను. ఇద్దరం ఆ పూటంతా మేట మీద మహా గొప్పలు పోయాం. మిగతావాళ్ళు మమ్మల్ని చూసి కుళ్ళుకున్నారు. ఇన్నేళ్ళకి ఒక ఆఫీసు మాకు మార్కులు వేసింది మరి.

నీ గదికి రాను. అలగకు. నువ్వు పగలంతా అంకెలు చదువుతుంటే నేను కిటికీలోంచి ఏం చూడాలి. ఇక్కడ నాకున్నది ఒక గది, ఒక స్టవ్, ఒక కుర్చీ. ఇంట్లో ఉంటే నాకూ నీలాగే గడియారం వినిపిస్తుంది. నీళ్ళు తగ్గే వేళకి గోడ అవతల నుంచి పొడుగావిడ "బతికున్నావా" అని అరుస్తుంది. "నీ కోసమే చావలేదు" అంటాను. ఆ ఒక్క కేక మీదే రోజంతా నడుస్తుంది నాకు. దాన్ని మూట కట్టి నీ గదికి తేలేను కదా.

నాలుగో గోనె ఇదిగో. మళ్ళీ మార్కులు రావాలి.

ఫస్టు క్లాసులో పాసైన
అత్త


జూన్ 14

అత్తా,

రిపోర్టు ఇచ్చేశాను. ఆరు గోనెలు, రెండు వేల నూట నలభై గుల్లలు, ముప్పై ఒక్క పేజీలు. చివరి పేజీ నాలుగుసార్లు తిరగరాశాను. మేటని పిల్లల్లేని ఊరితో పోల్చాను. బడి ఉంది, గంట కొట్టరు. వీధులున్నాయి, ఎవరూ ఆడరు. చూడటానికి అంతా పెద్దమనుషులతో నిండుగా ఉంటుంది, ఇరవై ఏళ్ళు గడిస్తే ఊరే ఉండదు. సారు ఆ పేరా కమిటీలో పైకి చదివారట. "నీకు రాయడం వచ్చు" అన్నారు నాతో. మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఆ మాట చాలాసేపు నమిలాను. చెప్పుకోవడానికి ఎవరూ లేరు, అందుకే నీకు రాస్తున్నాను.

ఏప్రిల్ ఉత్తరంలో నువ్వు మార్కులన్నావు చూడు, చదివి నవ్వుకున్నాను. అది మెచ్చుకోలు కాదని అప్పుడే చెప్పాల్సింది. పోనీలే అనుకున్నాను.

మేటకి కొంచెం పెద్ద విశ్రాంతే ఇస్తారనుకుంటాను. నీకూ విశ్రాంతే అనుకో. రెండో మంచం మీద పుస్తకాలు తీసేశాను. కొత్త దుప్పటి పరిచాను.

నీ జానెడు


జూలై 5

నీ ఉత్తరం ముందొచ్చింది. బోర్డు వారం తర్వాత వచ్చింది.

రేవు మెట్ల పక్కన ఇనప బోర్డు పాతారు. మాలో చదువొచ్చినదాన్ని నేనొక్కదాన్నే. పదిహేడు మంది నా చుట్టూ నిలబడితే నేనే పైకి చదివాను. మేట పద్దెనిమిది నెలలు పూర్తిగా మూసివేత. కాలు పెడితే శిక్ష. గుల్లల్లో పిల్లలు లేనట్టు ఈ మేట నుంచి తెప్పించిన నమూనాల్లో తేలినందువల్ల. చివరి వాక్యం దగ్గర నా గొంతు ఆగింది. నేను ఆగిన చోటు చూసి, ఆ నమూనాలు ఎవరు పంపారో అందరికీ అర్థమైంది. గోనెలు బస్సెక్కించేటప్పుడు చూడనిది ఎవరు.

ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

పద్దెనిమిది నెలలంటే ఏమిటో నీ ముప్పై ఒక్క పేజీల్లో ఎక్కడైనా రాశావా. మా మీద ఒక్క పేజీ అయినా ఉందా. దుప్పటి మార్చానని మాత్రం రాశావు. రమ్మన్నావు, రానన్నాను, మేట మూతపడింది. వరసగా పెట్టి చూస్తే నాకు ఇంకోలా కనిపించడం లేదు. నీ గదికి తోడు కావాలంటే పిల్లిని పెంచుకోవాల్సింది. పద్దెనిమిది మంది గంపలు బోర్లించనక్కర్లేదు.

అత్త


జూలై 10

అత్తా,

నువ్వు అలా అనుకోగలవని నేను కల్లో కూడా అనుకోలేదు. నీ కోసం మేట మూయించానా? కమిటీలో ఏడుగురున్నారు. వాళ్ళకి నా రెండో మంచం సంగతి తెలీదు.

నీకు కోపం వచ్చింది సరే, సంగతి మాత్రం అర్థం కాలేదు. శాంతంగా విను. గుల్ల గుడ్లు వదిలితే పిల్లలు బురదలో కుదురుకోవాలి. ఏ మేటలోనైనా పెద్దవాటి కన్నా చిన్నవే ఎక్కువుండాలి. మన మేటలో ఆరు నెలలు వెతికితే ఒక్కటీ లేదు. అంటే రెండు మూడేళ్ళుగా కొత్తవి పుట్టి నిలవడం లేదు. మీరు ఇప్పుడున్న పెద్దవి తీసేస్తే మిగిలేది బురదే. పద్దెనిమిది నెలలు కష్టమే, తర్వాత ముప్పై ఏళ్ళుంటుంది మేట. నేను కాపాడింది నీ పనినే.

మీ మీద పేజీ లేదన్నది నిజం. ఫారంలో అందుకు చోటు లేదు. అది నా తప్పని ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను.

జానెడు


ఆగస్టు 16

అత్తా,

కవర్లో పెడితే విప్పుతావో లేదోనని కార్డు రాస్తున్నాను. నెల దాటింది. తిట్టడానికైనా రెండు ముక్కలు రాయి. నోటుపుస్తకంలో బుల్లి గుల్ల పేరు దగ్గర గీత ఇంకా ఖాళీగానే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నువ్వు మాట్లాడటం లేదని గుర్తొస్తోంది.

జానెడు


ఆగస్టు 31

జానెడూ,

నీ జూలై ఉత్తరం విప్పలేదు. స్టవ్ వెనకాల పెట్టాను. కార్డు విప్పాల్సిన పని లేదు గనక చదివాను.

పొడుగావిడ వెళ్ళిపోయింది. మూడు బస్సులు మారితే ఏదో ఊళ్ళో చేపలు డబ్బాలకెత్తే షెడ్డు ఉందట, మాలో ఐదుగురు అక్కడికి పోయారు. రోజంతా నిలబడి చేసే పని. కూర్చుని చేసే పనికి అలవాటుపడ్డ ఒళ్ళు ఆవిడది. వెళ్ళే రోజు పొద్దున వచ్చి తన గంప నా గోడకి ఆనించి పెట్టింది. "షెడ్డులో ఇది దేనికి" అంది. నేను ఏదో అనాలని నోరు తెరిచేలోపు, "నువ్వు రాసిచ్చింది కాదులే, నాకు తెలుసు" అంది. బస్సు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి తల బయటే పెట్టుకుంది. ఆ పొడుగుకి తల లోపల పెట్టుకోవడమే కష్టం అనుకో.

ఇప్పుడు నీళ్ళు తగ్గే వేళకి గోడ అవతల నుంచి కేక రాదు. నేను మాత్రం ఆ వేళకి లేచి నిలబడుతున్నాను. కాళ్ళకి ఇంకా తెలీదు.

పోతూ పోతూ నీ మొదటి ఉత్తరం తిరిగిచ్చింది, పిట్ట బొమ్మతో సహా. ఇవాళ మళ్ళీ చదివాను. బుల్లి గుల్లని ఏమంటారని అడిగావు.

దానికి పేరు లేదే. తియ్యని దానికి పేరు ఎవరు పెడతారు. మీ నాయనమ్మ నా చేతి మీద తన చెయ్యి పెట్టి బురదలోకి దించి నేర్పింది. బొటనవేలి పై కణుపు కన్నా చిన్నది తగిలితే వేలు దాన్ని దాటిపోవాలి, ఆగకూడదు. మొదట్లో ఆగి కొలుచుకునేదాన్ని, చెయ్యి మీద ఒక్కటి పడేది. ఏడాది తిరిగేసరికి వేలికే తెలిసిపోయింది. ఇప్పుడు అవి తగిలినట్టు కూడా నాకు తెలీదు. చేతికి రావు. ఇక్కడ ఏ ఆడదాని చేతికీ రావు. ఉప్పు చల్లినట్టు అడుగున ఎప్పుడూ ఉంటాయి. ఆ గీత అలా ఖాళీగానే ఉంచు.

కోపం పోలేదు. రాయకుండా ఉండటం కూడా కష్టంగా ఉంది.

అత్త


సెప్టెంబరు 5

అత్తా,

నీ ఉత్తరం హాస్టల్ మెట్ల మీద నిలబడి చదివాను. ఉప్పు చల్లినట్టు అన్న చోట కూర్చున్నాను.

కాలిపర్ తెచ్చి నా బొటనవేలి పై కణుపు కొలిచాను. ముప్పై మిల్లీమీటర్లు. ముప్పై లోపుది ఒక్కటీ లేదని నేను గీసిన గీత నాయనమ్మ వేలు. ఆరు నెలలు నేను మేటని కొలవలేదు అత్తా, మీ చేతుల్ని కొలిచాను.

ఏరొద్దన్నాను. నువ్వు ఏరలేదు. నీ వేళ్ళు ఏరాయి, నీకే తెలీకుండా. ఎలా తీస్తావని నేను అడగలేదు. నీ ఒళ్ళో కూర్చుని పెరిగినదాన్ని, ఒక్కసారి కూడా అడగలేదు. మార్కులన్నప్పుడు నువ్వు సరిగ్గానే చెప్పావు. పాపం అత్తకి అర్థం కాలేదని నవ్వుకున్నది నేను.

ఆ కాగితం పట్టుకునే సారు దగ్గరికి వెళ్ళాను. ఆయన చదివారు. "మూసి ఉంచితే గుల్లలకి వచ్చే నష్టం ఏమీ లేదు కదమ్మా" అన్నారు. "గుల్లలకి లేదండి" అన్నాను. "నీ డిగ్రీ ఏడాది వెనక్కి పోతుంది." "పోనివ్వండి." ఆయన నా రిపోర్టు సొరుగులోంచి తీసి, పిల్లల్లేని ఊరు అని రాసిన పేజీ మడత పెట్టి నాకిచ్చేశారు. "బాగా రాశావు, అదే చిక్కయింది. ఎవరూ మళ్ళీ అడగలేదు" అన్నారు.

మళ్ళీ కొలవాలి. ఈసారి మీటరు చదరం ఉన్న చెక్క చట్రం బురద మీద పెట్టి, లోపలున్నదంతా మోచెయ్యి లోతు దాకా తవ్వి జల్లెడ పట్టాలి. చేతి ఇష్టం ఉండదు అందులో. మేట మీద కాలు పెట్టడానికి సారు అనుమతి రాయించారు, ఇద్దరికి. ఆ రెండో మనిషివి నువ్వు కాకపోతే నేను ఒక్కదాన్నే చేస్తాను. రమ్మని అడిగే మొహం లేదు.

జానెడు


సెప్టెంబరు 13

జానెడూ,

జూలై ఉత్తరం విప్పాను. అందులో నీకు అర్థం కాలేదు అత్తా అని రాశావు. ఆ ఒక్క ముక్క చింపి స్టవ్‌లో పడేశాను, మిగతాది దాచాను.

నా చెయ్యి అబద్ధం చెప్పిందంటే రెండు రోజులు నిద్రపట్టలేదు. ముప్పై ఏళ్ళు పద్ధతిగా ఉన్నందుకు ఇదా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, అది అడిగిన మాటకి జవాబు చెప్పింది, అడగని మాటకి చెప్పలేదు, అంతేగా.

రేవు దగ్గర మిగిలినవాళ్ళకి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఒక్కసారి కూడా అడగలేదని నువ్వు రాసింది కూడా. వినేదాకా ఆగారు.

రా. చట్రం తెచ్చుకో. స్టవ్ మీద ఇద్దరికి సరిపడా పెడతాను.

అత్త


నవంబరు 20

అత్తా,

నీ దగ్గర్నుంచి వచ్చి నెలన్నర అయినా గోళ్ళ సందుల్లో బురద పోలేదు, పోవాలని గట్టిగా తోమడం లేదు కూడా.

ఫలితం వచ్చింది. ఇరవై చోట్ల పెట్టాం కదా చట్రం. మీరు చేత్తో తీసే వైపు పది గుల్లల్లో ఆరు కణుపు లోపువే. ఉప్పు చల్లినట్టే. అవతలి అంచున, పడవల వాళ్ళు ఇనప పళ్ళ గొర్రుతో గీరిన చోట మాత్రం బుల్లివి నిజంగానే తక్కువ. అదీ రాశాను, దాచలేదు. ఈసారి ఏ ఊరితోనూ పోల్చలేదు. ఎవరు తీస్తారు, ఎలా తీస్తారు అని రెండు గీతలు ఫారంలో కొత్తగా పెట్టాను. మీ మీద నాలుగు పేజీలు ఉన్నాయి.

కమిటీ ఒప్పుకుంది. జనవరి నుంచి మేట తెరుస్తారు. గొర్రులు వద్దు, చేత్తోనే. కణుపు లోపువి తియ్యకూడదు. మూసే కాలం రెండు నెలలకి బదులు మూడు నెలలు, అవతలి అంచు కోలుకునేదాకా. ఆ మూడో నెల మీకు బరువేనని తెలుసు. వాదించాను, గెలవలేదు.

ఆ రోజు మేట మీద ఒకటి చూశాను, అప్పుడు చెప్పలేదు. చట్రంలో చెయ్యి పెట్టి "అన్నీ తియ్యాలా" అన్నావు. అన్నీ అన్నాను. నీ వేళ్ళు బుల్లివాటి దాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తున్నాయి. మూడోసారికి లేచిపోయి నీళ్ళ వైపు తిరిగి నిలబడ్డావు. అవన్నీ నేనే తీశాను. నీ ఇంట్లో గోడకి ఆనించిన పొడుగావిడ గంప కూడా చూశాను. దుమ్ము లేదు దాని మీద. రోజూ తుడుస్తున్నావని అడక్కుండానే తెలిసింది.

ఆవిడకి షెడ్డు అడ్రసుకి రాశాను, ఎవరిచేతైనా చదివించుకోమని. జవాబు రాలేదు.

రెండో మంచం హాస్టల్ ఆఫీసుకి తిరిగిచ్చేశాను. నువ్వు రావని నాకు ఇప్పుడు బాధగా లేదు అని రాస్తే అబద్ధం. వచ్చి ఏం చూడాలన్న నీ ప్రశ్నకి జవాబు లేదని మాత్రం తెలుసు.

నీ జానెడు


జనవరి 11

జానెడూ,

మేట తెరిచారు. అందరికన్నా ముందు వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. ఒక్కొక్కరే వచ్చారు. లెక్కపెట్టాను, నాతో కలిపి పదమూడు. షెడ్డుకి పోయినవాళ్ళు ఎవరూ రాలేదు. అక్కడ వాళ్ళకి ఏడాది కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారట, మధ్యలో వదలనివ్వరట. పొడుగావిడ మా ఎదురింటివాళ్ళకి ఫోను చేయించి, కాళ్ళు వాస్తున్నాయని నాకు చెప్పమందట.

మిగతావాళ్ళు నాకు కొంచెం దూరంగానే కూర్చున్నారు. మాట్లాడుతున్నారు, అడిగితే జవాబు చెబుతున్నారు. నా ఎడమ పక్కన జాగా అలాగే ఉంది. ఎవరూ అందులో కూర్చోలేదు, కూర్చోమని నేనూ అనలేదు. చెయ్యి అటు పోతూనే ఉంది.

నువ్వు ఇచ్చివెళ్ళిన చట్రం పెట్టి నెల నమూనా తీశాను. అన్నీ. పెద్దవి గోనెలో ఉన్నాయి. బుల్లివి తడి గుడ్డలో వేరే కట్టాను, అరవై మూడు. పుట్టి బుద్ధెరిగాక నా చేత్తో వాటిని బురద దాటించడం ఇదే మొదలు. కళ్ళు మూసుకుని తీశాను. కొలిచి సాయంత్రం బస్సుకే వెనక్కి పంపెయ్. ల్యాబ్‌లో చావనివ్వకు. నేను బస్టాండులో ఉంటాను.

అత్త


జనవరి 12

అత్తా,

పొద్దున పదకొండుకి అందాయి. నాలుగింటి బస్సుకి పంపుతున్నాను, కాబట్టి పొడుగ్గా రాయను. అంకె పైకి చెప్పకుండా కొలిచాను, ఎందుకో వాటి ముందు మాట్లాడాలనిపించలేదు. పన్నెండు, తొమ్మిది, పద్నాలుగు. కాలిపర్ పట్టు తగలనట్టు పెట్టాను. ఒకటి దారిలోనే పోయింది. అరవై రెండు వస్తున్నాయి. కండక్టరు మూట వాసన చూసి, "మీ అత్తగారి చుట్టాలా" అన్నాడు. అవును, ఇంటికి పోతున్నారు అన్నాను.

ఇవి కడవంత అవ్వాలంటే ఏడాదిన్నర పడుతుంది.

జానెడు


జనవరి 14

జానెడూ,

అందాయి. బకెట్లో ఏటి నీళ్ళు పట్టుకుని బస్టాండులో నిలబడ్డాను. కండక్టరు గుడ్డ మూట రెండు చేతులతో దించాడు, పసిపిల్లని దించినట్టు. నీళ్ళలో వెయ్యగానే కొన్ని నోరు తెరిచాయి. అప్పటికి మేట మునిగిపోయింది. రాత్రికి బకెట్ పొడుగావిడ గంప పక్కన పెట్టుకున్నాను. గదిలో ఇంకో ప్రాణం ఉన్నట్టే ఉంది.

ఇవాళ నీళ్ళు తగ్గగానే వెళ్ళాను. ఎక్కడ పెట్టాలో ముందే అనుకున్నాను. నా ఎడమ పక్కన ఆ జాగాలో, మొన కిందికి పెట్టి, వేలంత లోతున ఒక్కోదాన్నీ గుచ్చాను. అరవై రెండు. అవతల కూర్చున్నవాళ్ళు పని ఆపి చూశారు. వాళ్ళలో ఒకావిడ, అందరికన్నా చిన్నది, లేచి వచ్చి ఏం చేస్తున్నావని అడిగింది. చెప్పాను. కాసేపు నిలబడి తన చోటికి వెళ్ళిపోయింది. తర్వాత నీళ్ళు ఎక్కేదాకా ఎవరూ అటు వైపు చెయ్యి చాపలేదు.

ఏడాదిన్నర అన్నావు. షెడ్డు కాగితం ఏడాదే. ఆవిడ వచ్చి కూర్చుంటే కుడి చేతికి అవే తగులుతాయి. అప్పటికి కడవ కాకపోయినా చెంబు అని వాటికి పేరుంటుంది.

అత్త